పది నిమిషాలు ముందుండే బోర్డు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇరవై ఏళ్లుగా సంగారెడ్డిలో కంప్యూటర్ రిపేరు దుకాణంలో ఉన్నాను. ఏ మిషన్ వింతగా ప్రవర్తించినా లోపల ఏదో కారణం దొరుకుతుంది. దొరక్కపోతే నాకు చేతకాలేదనుకుంటాను, అంతే.

దుకాణం పెట్టింది మా అన్న. అంతకుముందు బొల్లారంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. ఒకసారి కంపెనీ బస్సు తప్పిపోయి గేటు బయటే నిలబడాల్సి వచ్చిందట. అప్పట్నుంచి చేతికొచ్చిన ప్రతి గడియారాన్నీ పది నిమిషాలు ముందుకు పెట్టేవాడు. రిపేరుకొచ్చిన కంప్యూటర్లనూ వదిలేవాడు కాదు. నేను విసుక్కుంటే, "గా పది నిమిషాలు ఉత్తగ పోవు తమ్మీ. బోర్డు సచ్చిందని చెప్పేముందు ఇంకో పది నిమిషాలు సూడు," అనేవాడు.

ఆయన గుండెపోటుతో పోయి రెండేళ్లయింది. దుకాణం గోడ గడియారాన్ని సరైన టైముకు నేనే తిప్పాను. నిజం చెప్పాలంటే, అప్పట్నుంచి ఈ పని మీదే మనసు లేదు.

మొన్న దసరా అయిన వారానికి ఇంద్రేశం నుంచి సుజాత అనే అమ్మాయి వచ్చింది. కొత్త లేఅవుట్లలో కట్టే ఇళ్లకు ప్లాన్లు గీసి బతుకుతుంది. ఆమె కంప్యూటర్లో ఉన్నది చాలా ఖరీదైన మదర్‌బోర్డు. ఈ ఏడే మార్కెట్లోకి వచ్చిన రకం, మా అన్న చూసే వీలే లేదు. ఒకసారి ఆన్ అయితే రెండుసార్లు అవ్వదు.

"పోయిందంటే పోయిందని చెప్పన్నా. మల్ల కొనే తాకత్ లేదు నాకు. ఈ పని బంద్ చేసి ఇంకేదన్న సూస్కుంట," అంది.

బోర్డును బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టాను. అక్కర్లేనివన్నీ పీకేశాను. ర్యామ్ మార్చి చూశాను. అదే తీరు. పొద్దుట్నుంచి కూర్చుని నడుం పట్టేసింది. బోర్డు పోయిందని చెప్పేసి ఇంటికెళ్లిపోదామనిపించింది.

చివరగా పాత సెట్టింగులు చెరిగిపోవాలని బోర్డు మీది చిన్న గుండ్రటి సెల్ మార్చాను. అది ఆన్ అయినప్పుడు ఫోన్ చూసి టైము పెట్టాను. మూడూ ఇరవై. ఆపి మళ్లీ ఆన్ చేస్తే మూడూ ముప్పై రెండు. ఫోన్లో చూస్తే మూడూ ఇరవై రెండే. సరిచేశాను. మళ్లీ పది నిమిషాలు ముందు. ఇంకో సెల్ వేశాను. అప్పుడూ పదే.

సెల్ బలహీనపడితే గడియారం వెనకబడుతుంది, ముందుకు దూకదు. టైము బయట్నుంచి మారిందనుకోవడానికి ఇంటర్నెట్ వైరు కూడా పెట్టలేదు.

అన్న గొంతు వినిపించిందని అబద్ధం చెప్పను. భయం కూడా వెయ్యలేదు, సిగ్గేసింది. భూతద్దం తీసుకుని మళ్లీ కూర్చున్నాను.

ర్యామ్ గుచ్చే గాడి అడుగున ఏదో ఎర్రగా కనబడింది. ఆయుధపూజ రోజు కంప్యూటర్ విప్పావా అని, పక్కనే కూర్చున్న సుజాతను అడిగాను.

"విప్పి బొట్టు పెట్టిన అన్నా. నాకు అన్నం పెట్టేది గదే కద. పైన డబ్బాకు పెడితే ఏం లాభం, అసలు సామానంత లోపలనే ఉండె," అంది.

తడిపి పెట్టిన కుంకుమ గాడిలోకి జారి ఎండిపోయింది. మెత్తటి బ్రష్షుతో ఓపిగ్గా శుభ్రం చేశాను. తర్వాత ఇరవైసార్లు ఆన్ చేశాను, ఇరవైసార్లూ లేచింది. సుజాత కళ్లు తుడుచుకుంది. టైము సరిచేసి పంపించాను.

రెండు రోజులకు ఫోన్ చేసింది. "మంచిగ నడుస్తుందన్నా. గని టైమే పది నిమిషాలు ముందుంటుంది. నెట్ పెట్టంగనే సక్కగైతది, బంద్ చేసి తెరిస్తే మల్ల గంతే. ఒకసారి తీస్కరావాల్నా?"

కారణం ఏమిటో నాకిప్పటికీ తెలియదు. నాకు తెలిసిన ఏ లోపమూ సరిగ్గా పది నిమిషాలు ఎంచుకోదు.

"వద్దమ్మా, ఉండనియ్," అన్నాను.

ఫోన్ పెట్టేసి స్టూలెక్కి, గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పాను.