రెండో వైపు మీద బొట్టు

ఇందులో ప్రతి అక్షరం నిజం. మామూలుగా నా తల మీద ఒట్టు వేస్తాను కానీ, ఒట్లు వేసి వేసి అక్కడ జుట్టు కూడా నిలవడం మానేసింది. అందుకని ఈసారి నా రికార్డుల మీద ఒట్టు. ఒక్క ముక్క కల్పించినా వాటన్నిటి మీదా మేకుతో గీసినట్టు గీతలు పడిపోవాలి.

రికార్డులంటే ఆఫీసు కాగితాలు కావు. నేను కూడబెట్టేది పాత ఆస్ట్రేలియా పాప్ పాటల రికార్డులు. జానెడు కన్నా కాస్త తక్కువ వెడల్పున్న నల్లటి చిన్న పళ్లేలు, అటొక పాట, ఇటొక పాట. తునివాడికి ఆస్ట్రేలియా పాటలతో ఏం పని అని అడగని తెలుగువాడు సింగపూర్‌లో లేడు. ఒకాయనకి మా తాత ఒంటెలు తోలుకుంటూ ఆస్ట్రేలియా ఎడారిలోకి వెళ్లి అక్కడే గాయకుడైపోయాడని చెప్పాను. ఆయన నమ్మడమే కాక, మా తాత పాట ఒకటి ఉంటే పంపమన్నాడు.

అసలు సంగతి చాలా చిన్నది. షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేరిన కొత్తలో ఇక్కడి బూన్ లే అనే పేటలో ఉండేవాణ్ణి. పాత పేపర్లూ పాడైన ఫ్యాన్లూ తీసుకుంటూ, బ్లాకుల కింద హారన్ మోగిస్తూ తిరిగేవాళ్లని ఇక్కడ కరంగునీ అంటారు. మా బ్లాకుకి వచ్చే చైనీస్ అంకుల్ బండి అడుగున ఒకరోజు ఒక పెట్టెడు రికార్డులు కనిపించాయి. ఒకప్పుడు ఇక్కడి సైనిక స్థావరాల్లో ఆస్ట్రేలియా కుటుంబాలు ఉండేవట. వాళ్లు వెళుతూ వదిలేసినవి ఎన్ని ఇళ్లు మారి అక్కడికి చేరాయో! వేడి చేసి అంచులు వంచితే పకోడీలు పోసుకునే గిన్నె అవుతుందని ఎవరో అంటే తెచ్చుకున్నాను. ఒకదానికి ఆ గతి పట్టించాను కూడా. అది ఎంత అరుదైన రికార్డో తర్వాత తెలిసి మూడు రోజులు అన్నం ముట్టలేదు. సరే, ఒక పూట. అప్పుడు పట్టిన పిచ్చి, ఇప్పుడు చోవా చూ కాంగ్ ఫ్లాట్‌లో ఒక గోడంతా పాకింది.

ఆ గోడలో ఒక రికార్డు ఉంది. ఇద్దరు అక్కచెల్లెళ్లు పాడినది. గొర్రెలు తప్ప మనుషులు పెద్దగా లేని ఒక ఊళ్లో పుట్టి, పెద్ద పట్నం వెళ్లి ఈ ఒక్క రికార్డు చేసి, మళ్లీ ఊరికి వచ్చేశారు. మొదటి వైపు అక్క పాడింది, రెండో వైపు చెల్లెలు. ఇప్పుడు మిగిలినవి ఒక చేతి వేళ్లకి సరిపోవంటారు. నాకది దొరికిందని సేకరించేవాళ్ల ఇంటర్నెట్ గుంపులో ఫొటో పెట్టాను. ఒక్కరూ నమ్మలేదు. కంగారూ పంటిగాటు పడ్డ రికార్డు నా దగ్గర ఉందని అంతకు ముందే అక్కడ రాసి ఉన్నాను మరి.

వారం తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. "మొదటి వైపు పాడింది నేనే" అని.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బొమ్మల్లో తప్ప చూడని మనిషి పక్కింటి తలుపు కొట్టినట్టయింది. చెల్లెలు పోయి చాలా ఏళ్లయిందట. తన దగ్గరున్న ఒక్క రికార్డూ వరదలో కొట్టుకుపోయిందట. చెల్లెలి గొంతు ఇంకెక్కడా లేదు. లండన్‌లో ఉన్న మనవరాలి దగ్గరికి వెళుతూ సింగపూర్‌లో ఒక్కరోజు ఆగుతాను, వినిపిస్తావా అని అడిగింది. ముట్టుకోను కూడా, వింటాను అంతే అంది. ఫోన్‌లో రికార్డు చేసి ఇవాళే పంపిస్తానన్నాను. వద్దంది. ఇన్నేళ్లు ఆగాను, ఎదురుగా కూర్చునే వింటానంది.

ఆవిడ చెప్పిన తారీఖు విజయదశమి అయింది.

దానికి ముందురోజు మహర్నవమి. మా ఇంట్లో ఆయుధపూజ. తుని నుంచి వచ్చి మాతోనే ఉన్న మా అత్తగారి పూజలో ఇనుము, కరెంటు అనే భేదం ఉండదు. మిక్సీ, కత్తెర, కుక్కరు, నా వెల్డింగ్ టోపీ, మా ఆవిడ ఆఫీసు లాప్‌టాప్, అన్నిటికీ పసుపూ కుంకుమా. నవమి నాడు బొట్టు పెట్టిన వస్తువుని మర్నాడు పూజయ్యేదాకా కదపకూడదు. ఆ రికార్డు నేను ముందే టర్న్‌టేబుల్ మీద రెండో వైపు పైకి పెట్టి, మూత వేసి సిద్ధంగా ఉంచాను. కదపకూడదు కాబట్టి మూత మళ్లీ తీయలేదు.

దశమి నాడు పొద్దున్న పదింటికి ఆవిడ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర, పువ్వుల చొక్కా. సోఫాలో కూర్చుని, కర్ర ఒడిలో అడ్డంగా పెట్టుకుని టర్న్‌టేబుల్ వైపు చూసింది. అత్తగారు గారెలూ పాయసమూ తెచ్చి పక్కన పెట్టారు. నేను గొంతు సవరించుకుని, పెళ్లిలో తెర దించేవాడిలా మూత ఎత్తాను.

ఎత్తి, వెంటనే దించేశాను.

రెండో వైపు మీద, సరిగ్గా పాట నడిమధ్య, పసుపు పూసి కుంకుమ బొట్టు! అదైనా బొట్టులా ఉందా? రాత్రంతా చెమ్మకి కారి, బెత్తెడు మేర గాడుల్లోకి దిగి, అక్కడే గట్టిపడిపోయింది.  

"మెషీన్ పాతది మేడమ్, కాస్త వేడెక్కాలి" అని, రికార్డుని చొక్కా కింద దాచుకుని వంటింట్లోకి పరుగెత్తాను.

"అత్తయ్యగారూ, దీనికి బొట్టు మీరే పెట్టారా?"

"పెట్టకపోతే ఎలా బాబూ? మిక్సీకి పెట్టి దీనికి పెట్టకపోతే చిన్నబుచ్చుకోదూ?"

"పెడితే కవరుకి పెట్టొచ్చు కదండీ!"

"కవరుకి పెడితే పూజ కవరుకే అవుతుంది. పాడేది కవరా, పళ్లెమా?"

మా ఆవిడ తలుపు జారవేసింది.

"ఏమండీ, గొంతు తగ్గించండి, ఆవిడ వింటోంది. డిష్‌వాష్ లిక్విడ్ వేసి స్పాంజ్‌తో ఒక్క తోముడు తోమేస్తే..."

"అది మూకుడు కాదే!"

"మరి నిజం చెప్పేయండి."

"ఏమని చెప్పను? మీ చెల్లెలి గొంతు మీద పసుపు పూశామని ఏ భాషలో చెప్పను?"

అత్తగారు మాత్రం కంగారు పడలేదు. "పట్టుచీర మీద కుంకుమ పడితే ఏం చేస్తాం? కుంకుడు రసం" అంటూ తుని నుంచి తెచ్చుకున్న సంచీ విప్పారు. నాలుగు కాయలు కొట్టి, గోరువెచ్చటి నీళ్లలో పిసికి, పాత మల్లుగుడ్డలో వడగట్టారు. నేను నడుమనున్న కాగితం తడవకుండా వేళ్ల మీద రికార్డు నిలబెట్టుకుని, గాడుల వెంటే, పసిపిల్ల ముక్కు తుడిచినంత మెల్లగా తుడవడం మొదలుపెట్టాను. నీళ్లు ఎర్రబడ్డాయి.

"ఎవ్రీథింగ్ ఆల్‌రైట్?" అని హాల్లోంచి వినిపించింది.

"వన్ మినిట్ మేడమ్! ఇంకో గారె తీసుకోండి ప్లీజ్!" అని మా ఆవిడ రెండు భాషల్లో కేకేసింది.

కుంకుమ పోయింది. పసుపు మాత్రం గోరంత మేర ఉండిపోయింది. ఇంక రుద్దితే గాడులే పోతాయి. ఆరబెట్టి, తీసుకువెళ్లి, మెషీన్ మీద పెట్టి, మనసులో ఉన్న దేవుళ్లందరికీ వాళ్ల వాళ్ల భాషల్లో దణ్ణం పెట్టుకుని సూది దించాను.

ముందు గిటారు. తర్వాత ఆ పిల్ల. పదిహేడో పద్దెనిమిదో ఏళ్లు ఉంటాయేమో, గొంతులో ఇంకా బడి వాసన పోలేదు. సోఫాలో ఆవిడ కళ్లు మూసుకుంది. పాట సాగుతోంది. నేను పాట వినడం లేదు. సూదినే చూస్తున్నాను. ఆ పసుపు మరక తిరిగి తిరిగి వస్తోంది. ప్రతి చుట్టుకీ సూది దానికి దగ్గరవుతోంది.

టక్.

పాట ఆగింది. చిన్న నవ్వు వినిపించింది. ఆడపిల్ల నవ్వు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వినట్టు. టక్. మళ్లీ అదే నవ్వు. టక్. మళ్లీ. సూది ఒకే గాడిలో ఇరుక్కుపోయింది. ఇదివరకు నేను ఈ పాట రెండు సార్లు విన్నాను. ఈ నవ్వు ఉందని కూడా గమనించలేదు.

అయిపోయింది అనుకున్నాను. ఇంత దూరం వచ్చిన మనిషికి ఉన్న ఒక్క పాటా పాడుచేశాను. సూది ఎత్తబోతుంటే నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. ముసలి చెయ్యే, కానీ నా వెల్డింగ్ చెయ్యి కదల్లేదు.

"వదిలెయ్" అంది.

నవ్వు. టక్. నవ్వు. టక్. ఆవిడ ముఖం వైపు చూసే ధైర్యం లేక నేల చూస్తూ నిలబడ్డాను. అప్పుడు గదిలో రెండో నవ్వు వినిపించింది. తలెత్తాను. ఆవిడ నవ్వుతోంది. చెల్లెలు నవ్వి ఆగిన ఖాళీలో ఈవిడ నవ్వుతోంది, ఈవిడ ఆగిన ఖాళీలో చెల్లెలు.

"నేను వెనక నిలబడి వంత పాడాలి" అని మెల్లగా చెప్పింది. "మాటలు మరిచిపోయి వేరే చరణం ఎత్తుకున్నాను. అది నన్ను చూసి నవ్వింది. మళ్లీ పాడడానికి టైం లేదన్నారు, అలాగే ఉంచేశారు. ఇంట్లో ఎన్నిసార్లు పెట్టుకున్నా, వినేలోపే ఆ నవ్వు దాటిపోయేది. పాట ఆగదు కదా. ఇన్నేళ్లకి ఆగింది."

అత్తగారు గుమ్మంలోంచి తొంగి చూశారు. "ఏమైంది బాబూ, అరిగిపోయిందా?"

"అరగలేదండీ. అంటుకుంది."

ఎంతసేపు విందో నేను గడియారం చూడలేదు. పాయసం మీద మీగడ కట్టింది. చివరికి తనే తల ఊపింది, నేను సూది ఎత్తాను. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట విని అందరికన్నా ముందు నేనే నిర్ఘాంతపోయాను. "ఈ రికార్డు మీరు తీసుకెళ్లండి మేడమ్" అన్నాను. ఆవిడ తీసుకోలేదు. ఇంకే మెషీన్ మీద పెట్టినా నవ్వు దాటిపోతుందేమో, ఇక్కడే ఉండనీ అంది. ఆ మరక ఇంక తుడవొద్దంది.

తర్వాత అడిగింది, ఆ మరక ఎలా వచ్చిందని.

నేను అత్తగారి వైపు వేలు చూపించాను. మా పద్ధతిలో ఏడాదికోసారి పనిముట్లకి బొట్టు పెడతారని, ఈవిడ దీనికి కూడా పెట్టారని చెప్పాను. ఆవిడ కర్ర పట్టుకుని లేచింది. నెమ్మదిగా నడిచి వెళ్లి, అత్తగారి రెండు చేతులూ తీసుకుని తన చెంపలకి ఆనించుకుంది. ఏడుస్తూనే ఏదో అంది.

"ఏమంటోంది బాబూ దొరసానమ్మ?"

"గారెలు బాగున్నాయంటోందండీ."

"అయ్యో, దానికి ఏడుపెందుకు? కారం ఎక్కువైందేమో పాపం. అమ్మాయ్, ఓ నాలుగు పొట్లం కట్టి ఇవ్వవే."

ఇక ఒట్టు సంగతి.

పైనంతా నిజమే, ఒక్కటి తప్ప. ఆ బొట్టు అత్తగారు పెట్టలేదు. ఆవిడ టర్న్‌టేబుల్ దగ్గరికే వెళ్లలేదు. నేనే పెట్టాను. నవమి పొద్దున్న స్నానం చేసి, షిప్‌యార్డ్‌లో ఏటా నా వెల్డింగ్ టార్చికి పెట్టుకున్నట్టే, ఉంగరపు వేలితో పెట్టాను. రెండో వైపే ఎందుకంటే మర్నాడు పని దానితోనే. కవరుకి పెడితే పూజ కవరుకే అవుతుందన్న వాదన కూడా నాదే, నాకు నేనే చెప్పుకున్నాను. నలుసంత పెట్టాను, పొద్దున్న పొడిగుడ్డతో తుడిచేస్తే పోతుందనుకుని, పెద్దావిడ వచ్చే హడావిడిలో ఆ సంగతే మరిచిపోయాను. అది కారి గాడుల్లోకి దిగుతుందని కల్లో కూడా అనుకోలేదు. వంటింట్లో అత్తగారు నిజంగా అడిగింది ఒక్కటే, "దీనికి ఎవరు పెట్టారు బాబూ?" అని. కుంకుడు రసం ఎంత వెచ్చగా ఉండాలని నేను ఎదురు అడిగాను. ఆ తర్వాత, తిట్లు పడినా అర్థం కావులే అని, ఇంగ్లీషు రాని మనిషి వైపు వేలు చూపించాను. తిట్లు పడలేదు. నాకు రావాల్సిన మన్నన అత్తగారికి వెళ్లిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ పెద్దావిడ రెండు నెలలకోసారి ఉత్తరం రాస్తుంది, అత్తగారికి. చదివి వినిపించేది నేనే. బొట్టు అని ఉన్న చోటల్లా గారెలు అని చదువుతూ వస్తున్నాను. అత్తగారు జవాబుగా మినప్పప్పు ఎంతసేపు నానాలో చెబుతారు. అది నేను ఇంగ్లీషులో ఇంకేదో చేసి పంపుతాను. కిందటి వారం వచ్చిన ఉత్తరంలో, చెల్లెలి ఫొటో ఒకటి పటం కట్టించి అత్తగారి పేర పంపుతున్నానని ఉంది. "మా చెల్లెల్ని ఒక్కచోట ఆపి పట్టుకున్న చేతికి" అని రాసింది.

ఆ వాక్యాన్ని గారెల్లోకి మార్చబోయాను. అది అందులో ఇమడలేదు. కళ్లద్దాలు కనబడలేదని చెప్పి ఉత్తరం మడిచేశాను. అత్తగారికి ఇంగ్లీషు రాదు కానీ, తెలుగు పుస్తకం చేతికి వస్తే ధర దగ్గర్నుంచి చదువుతారు. అందుకే ఇది తెలుగులో రాశాను. ఫొటో వచ్చేలోగా మీరిది చదవాలి, అత్తయ్యగారూ.