సంతకం నాదేనని చెప్పమన్న వకీల్ సాబ్

మా వకీల్ సాబ్ పోయారని ఆయన గుమాస్తా ఫోన్ చేసి చెప్పాడు. ఒకే ఊపిరిలో రెండు మాటలు చెప్పాడు.

"సాబ్ పొద్దున పోయిండు తమ్మీ, గుండెపోటు. నీ వాయిదా ఇంక పదకొండు రోజులే ఉంది, వచ్చి ఫైలు తీస్కపో."

నిజం రాయాలి కదా, రాస్తాను. ఆ క్షణాన నాకు ఆయన మొహం గుర్తు రాలేదు. నా షెడ్డు గుర్తొచ్చింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

షెడ్డంటే పెనుబల్లి దగ్గర రోడ్డు పక్కన మా నాన్న పెట్టిన వెల్డింగ్ షెడ్డు. జాగా మాత్రం కిరాయిది. నాన్న పోయాక కొత్త కిరాయి కాగితం కావాలని జాగా యజమాని ఖాళీ స్టాంపు కాగితం పట్టుకొచ్చి, "రాత తర్వాత రాయిస్తలే" అన్నాడు. నేను కింద సంతకం పెట్టాను. మా దగ్గర చాలామంది అట్లాగే పెడతారు. తెలిసిన మనిషి ముందు కాగితం గురించి గుచ్చి గుచ్చి అడిగితే ఆయన్ని దొంగ అన్నట్టవుతుందని మొహమాటం. రెండేళ్లకు ఆ కాగితమే కోర్టుకెక్కింది. జాగా ఖాళీ చేసి, షెడ్డు ఇనుముతో సహా వదిలేసి పోతానని నేను ఒప్పుకున్నట్టు అందులో రాసి ఉంది.

వకీలు కోసం సత్తుపల్లిలో తిరిగాను. ఒకాయన నేను మాట్లాడినంతసేపూ ఫోన్లోనే ఉన్నాడు. ఇంకొకాయన, "సంతకం నాది కాదను, అయిపాయె" అన్నాడు. ఆ మాట నాకు తెగ నచ్చింది. అయినా నాన్నకు తెలిసిన వకీల్ సాబ్‌ను కూడా ఒకమాట అడుగుదామని వెళ్లాను.

చెప్పుల దుకాణం పైన ఒకటే గది. తొమ్మిదింటికే పోయి అందరికంటే ముందు కూర్చున్నాను. పదకొండు దాటాక అడవి వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. వకీల్ సాబ్ ముందు ఆమెను పిలిచారు. నాకు మండింది.

"ముందొచ్చింది నేను సార్. ఇక్కడ లైను లేదా ఏంది?"

"నీది ఏ ఊరు?"

"పెనుబల్లి."

"పెనుబల్లికి ఎప్పుడంటే అప్పుడు ఆటో దొరుకుతది. ఒంటిగంట బస్సు పోయిందంటే అవ్వకు మళ్ల రేపే. కూసో బేటా, ఆ కోపం జర చల్లారనియ్యి."

ఆయన దగ్గర లైను అంతే. ఎవరి బస్సు ముందుంటే వాళ్లే ముందు.

ఆ అవ్వకు కాగితం చదివి వినిపించి ఊరుకోలేదు. అందులో ఏముందో తిరిగి చెప్పమన్నారు. ఆమె తన భాష కొంత, తెలుగు కొంత కలిపి చెప్పింది. తప్పు చెబితే మళ్లీ చదివారు. మూడోసారికి గానీ వేలిముద్ర వేయనివ్వలేదు. "చదివితే అందరు తల ఊపుతరు. తిరిగి చెప్పమంటేనే అసలు సంగతి బయటపడేది" అన్నారు, ఆమె వెళ్లాక నా వైపు చూసి.

నా వంతు వచ్చింది. నా ఉపాయం చెప్పాను.

"సంతకం నీదేనా?"

"అవ్, నాదే. కానీ కాదని చెప్త."

"బ్యాంకుల ఉన్నది ఎవనిది? గ్యాసు బుక్కు మీద ఉన్నది ఎవనిది? ఎన్నిట్ల కాదంటవ్?" ఆయన కళ్లద్దాలు తీశారు. "కాదన్నవనుకో, అందరు నీ సంతకాన్నే చూస్తరు. నాదే అన్నవనుకో, దాని పైన ఏం రాసిండ్రో చూస్తరు."

"నిజం చెప్పి ఓడిపోతే?"

"ఓడిపోవచ్చు. నేనేమన్న తాయెత్తు కడుతున్ననా?"

లేచి వచ్చేశాను. వేరే దిక్కు లేక మూడో రోజు మళ్లీ వెళ్లాను. గుమ్మంలో చూసి, "ఏం బేటా, కోపం పెనుబల్లి దాక పోయొచ్చిందా?" అన్నారు.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. కోర్టులో వేసే జవాబు కోసం జరిగింది నన్నే రాసుకు రమ్మన్నారు. నాలుగుసార్లు తిప్పి పంపారు. "ఇక్కడ తిట్లున్నయ్. తిట్లు తీసేసి సంగతి రాయి" అనేవారు. రాసిన కాగితం తిట్లు లేకుండా ఇంత గట్టిగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది. నాన్న మరణ పత్రంలో అమ్మ పేరు తప్పు పడితే అదీ ఆయనే సరిచేయించారు.

ఆయన పోయాక ఫైలు చంకన పెట్టుకొని మళ్లీ వకీళ్ల గుమ్మాలెక్కాను. వకీలు పోతే, ఇకమీదట నా తరఫున ఫలానా వకీలని కొత్త వకాలత్ వేయాలట. ఒకాయన ఫైలు తిరగేసి నవ్వాడు. "సంతకం నీదేనని జవాబుల ఒప్పుకున్నరు. ముసలాయన నిన్ను ముంచి పోయిండు" అన్నాడు. ఫైలు లాక్కొని, నోటికొచ్చింది అనేసి బయటపడ్డాను. రోడ్డు మీదికి వచ్చాక ఆ జవాబు తీసి మళ్లీ చదువుకున్నాను. ఈయన అన్నదే నిజమైతే? అడుగుదామంటే వకీల్ సాబ్ లేరు.

ఆ వారమంతా ముద్ద దిగలేదు. "ఏందిరా, కంచం ముందర కూసొని కోర్టుకు పోయినవా?" అంది అమ్మ.

చివరికి ఒక చిన్న వయసు వకీలమ్మ జవాబు మొదటి నుంచి చివరిదాకా చదివింది. నవ్వలేదు. "కష్టమే అన్నా. కానీ ఇది రాసినాయన భయపడి రాయలే. నేను వస్త" అంది.

వాయిదా రోజు నన్ను బోనెక్కించారు. ఎదుటి వకీలు అసలు కాగితం నా ముందు పెట్టాడు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

ఆయన గెలిచినట్టు తల ఊపాడు. నేను ఆగలేదు. "నేను పెట్టిననాడు దాని పైన ఒక్క అక్షరం లేదు."

జడ్జి గారు కాగితం ఇటివ్వమన్నారు. తీర్పు ఇంకా రాలేదు, ఏమొస్తుందో నాకు తెలియదు. కానీ ఆ కాగితాన్ని ఆయన కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. ఆయన వేలు నా సంతకం మీద ఆగింది, తర్వాత మెల్లగా పైకి కదిలింది. పై వరుసలు ఎడంగా, తీరిగ్గా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ దగ్గరయ్యాయి. ఆఖరి రెండు వరుసల్లో చోటు చాలక అక్షరాలు చీమల్లా చిన్నవై, నా సంతకం నెత్తిన ఇరుక్కొని ఉన్నాయి. ఆయన వేలు అక్కడే చాలాసేపు ఉంది.