ఆ చేప ఎప్పుడు చచ్చిపోయింది, బాబాయ్?

కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషికి ఉండే భయాలన్నీ కుప్ప పోస్తే, ఆ కుప్ప మీద కూర్చుని ఇంకా దేనికి భయపడాలా అని వెతుక్కునే రకం నేను ఆ రోజుల్లో. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఫిర్యాదు వింటూ, రెండో చేత్తో సమోసా తింటుంటారు. చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త అసూయ కూడా. అప్పట్లో నాకు ఫోన్ మోగితే చాలు, అన్నం సహించేది కాదు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసు మాది. యజమానిని మేమందరం చాటుగా కంప్లైంట్ సార్ అనేవాళ్ళం. ఆయన మీద కంప్లైంట్లు ఉన్నాయని కాదు (ఉన్నాయి, అది వేరే సంగతి). ఏం మాట్లాడినా చివర "కంప్లైంట్ నహీ ఆనా చాహియే" అని, అంటే కంప్లైంట్ రాకూడదని, ముగించేవాడు కాబట్టి. నన్ను ట్రయల్ మీద తీసుకున్నాడు. హోప్ టౌన్‌లో మా ఇంట్లో సముద్రం మీద కాకుండా జీతం మీద బతకబోయే మొదటి మనిషిని నేనే. నాన్న తల్లి, మా మామ్మ, అప్పటికే వీధంతా "మా మనవరాలు ఆఫీసరు" అని చాటేసింది. ఇక ఆ ఉద్యోగం పోతే నేనే కాదు, మామ్మ కూడా వీధిలో తలెత్తుకోలేదు.

ఆ ట్రయల్ రోజుల్లోనే త్రిపుర నుంచి ఒక బౌద్ధ భిక్షువు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నవ్వుమొహంతో ఉండేవారు. భంతేజీ అని పిలవాలని నాకు ముందే నేర్పారు. ఆయన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక శిష్యుడు వెంట వచ్చాడు. అతన్ని అందరూ దాదా అనేవాళ్ళు. అన్నీ దాదాయే చూసుకోవాలి. కానీ హేవ్‌లాక్ దీవి నుంచి తిరిగొచ్చేటప్పుడు సముద్రం అతన్ని పిండి ఆరేసింది. మర్నాడు పొద్దున నేను లాడ్జికి వెళ్ళేసరికి మంచం పక్కన బకెట్ పెట్టుకుని పడున్నాడు. లేవలేక, పడుకునే నాకు భోజన నియమాలు అప్పగించాడు. మధ్యాహ్నం దాటితే మళ్ళీ తెల్లారేదాకా భంతేజీ ఏమీ తినరు. నోరు తెరిచి అడగరు. చేతికి అందిస్తేనే తీసుకుంటారు. చేప, మాంసం ఎవరైనా పెడితే తింటారు. ఇది విని నేను హమ్మయ్య అనుకునేలోగా దాదా "లేకిన్" అని బకెట్ వైపు తిరిగాడు. ఆ ‘కానీ’కీ తర్వాతి మాటకీ మధ్య నేను పడ్డ అవస్థ ఎవరికీ వద్దు. చివరికి మూతి తుడుచుకుని చెప్పాడు. ఆ జీవాన్ని తన కోసమే చంపారని భంతేజీ చూడకూడదు, వినకూడదు, అనుమానం కూడా రాకూడదు. "దేఖా, సునా, శక్... తీనో నహీ. శీలం టూట్ జాతా హై." శీలమంటే వాళ్ళ వ్రతనియమం, అది భంగమవుతుందట. ఆ పైన ఇంకో మాట. భంతేజీకి షుగరు ఉంది. ఈమధ్యే ఒకరోజు భోజనం తప్పి కళ్ళు తిరిగి పడిపోయారు. "ఆజ్ ఖానా మిస్ నహీ హోనా, బహన్" అని చేతులు జోడించాడు.

ఆ నియమాలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, భంతేజీని తీసుకుని నేనొక్కదాన్నే బయల్దేరాను.

అనుకున్న ప్రకారం చాతం దగ్గర ఫెర్రీ ఎక్కి బ్యాంబూఫ్లాట్‌లో దిగి, కొండ చూసి, త్వరగా వెనక్కొచ్చి పోర్ట్‌బ్లెయిర్ హోటల్లో భోజనం చేయాలి. హోటలు చేప ఎవరి కోసమూ చావదు, అందరి కోసం చస్తుంది కాబట్టి గొడవ లేదు. కానీ కొండ మీద భంతేజీ ఒక చెట్టు కింద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఐదు నిమిషాల్లో తెరుస్తారనుకున్నాను. తెరవలేదు. పిలవొచ్చా? దగ్గొచ్చా? ధ్యానం చెడగొట్టడం ఏ శీలం కిందికి వస్తుందో దాదా చెప్పలేదు. ఫోన్ చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు. గాజులు గలగలమనిపించాను, చెప్పులు నేలకేసి రాశాను, ఒకసారి ఆకాశం వైపు చూసి గట్టిగా "అబ్బ, ఏం ఎండ!" అన్నాను. ఆయన కళ్ళు తెరిచి "చలే బేటీ?" అనేసరికి మేం ఎక్కాల్సిన ఫెర్రీ వెళ్ళిపోయింది. తర్వాతి ఫెర్రీ పట్టుకుని హోటలు చేరేసరికి భోజనం వేళ దాటిపోతుంది. కొండ దిగువనే మా ఇల్లు. ఇక వేరే దారి లేదు.

సిగ్నల్ దొరకగానే ఇంటికి ఫోన్ చేశాను. మామ్మ ఎత్తింది. "మామ్మా, ఒక పెద్ద స్వామీజీని తీసుకొస్తన్నాను. భోజనం జల్దీ కావాలి" అన్నాను. "ఏటి తింటారు?" అంది. "ఏదైనా తింటారు, ఉన్నది పెట్టు చాలు" అని పెట్టేశాను. ఉన్నది పెట్టు అని మా మామ్మకి చెప్పడం ఎంత తెలివితక్కువో ఆటో సగం దారిలో ఉండగా ఫోన్ మోగేదాకా నాకు వెలగలేదు. "ఒలే, మీ బాబాయి టబ్బులో పండుగప్ప ఉందే! హోటలోళ్ళకని బతికించి ఉంచినాడు. నానే ఎల్లి తెచ్చినాను. మీ స్వామి కోసమే కోసినాను, పులుసు ఉడకతంది!"

మా వాళ్ళలో ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టడమంటే, ముందు "మీ కోసమే చేశాం" అనాలి, ఆ తర్వాత గరిటె తీయాలి. పైగా మేం చేపల వాళ్ళం. బతికున్న చేపని తెచ్చి కోశామని చెప్పుకోవడం కంటే పెద్ద మర్యాద మాకు లేదు. ఆ మర్యాదంతా ఇప్పుడు ఆ ముసలాయన వ్రతాన్ని భంగపరచడానికే పనికొస్తుంది. నా పక్కన కూర్చున్న భంతేజీ "ఘర్ మే సబ్ ఠీక్?" అని అడిగారు. "సబ్ ఠీక్, భంతేజీ" అన్నాను. అబద్ధమాడకపోవడం కూడా వాళ్ళ నియమాల్లో ఒకటని గుర్తొచ్చింది కానీ, అది ఆయన నియమం, నాది కాదని సర్దిచెప్పుకున్నాను.

ఇంటికి చేరగానే భంతేజీని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి వంటింట్లోకి పరుగెత్తాను. అమ్మ అన్నం వారుస్తోంది. మామ్మ పులుసు దగ్గరుంది. బాబాయి గుమ్మంలో నిలబడి, చేప ఇచ్చిన మనిషికి ఉండాల్సిన ఠీవితో ఉన్నాడు. నాకు ఒకే ఒక్క ఆశ మిగిలింది. నా ఫోన్ రాకముందే ఆ చేప తనంతట తను కన్నుమూసి ఉంటే భంతేజీకి దోషం లేదు.

"బాబాయ్, ఆ చేప ఎప్పుడు చచ్చిపోయింది?"

"చచ్చిపోవడమేటి? మీ మామ్మ చేతిలో పడేదాకా తోక కొట్టుకుంటానే ఉంది."

"నేను ఫోన్ చేసేసరికి?"

"ఫస్ట్ క్లాసుగా ఈదతంది!"

"సరిగ్గా గుర్తు తెచ్చుకో బాబాయ్. అప్పటికే కొంచెం నీరసంగా, ఒక పక్కకి వాలిపోయి..."

బాబాయి మొహం మారిపోయింది. "ఏటే? నాది ఐసు చేప అంటావా? ఈ జెట్టీ మీద ఎవడినన్నా అడుగు, నాను ఎప్పుడన్నా చచ్చిన చేప అమ్మినానేమో! ఆఫీసరైపోయి మమ్మల్నే శక్ చేస్తన్నావా?" అని, నన్ను పక్కకి నెట్టి నేరుగా వరండాలోకి నడిచాడు. తన పరువు ఎవరి ముందు నిలబెట్టుకోవాలో ఆయనకి తెలుసు. భంతేజీ ముందు నిలబడి, అరచేతిని నీళ్ళలో చేపలా అటూ ఇటూ ఆడించి, "స్వామీజీ, మఛ్లీ జిందా థా, జిందా! ఆప్ కే లి..." అని, చేప బతికుందన్నది అయిపోయి "మీ కోసమే" అన్నది పూర్తయ్యేలోగా, వెనకే పరుగెత్తిన నేను చేతికందిన స్టీలు పళ్ళాన్ని గచ్చు మీద పడేశాను. అంత పెద్ద చప్పుడు మా ఇంట్లో అంతకు ముందు వినలేదు. కుక్క మొరిగింది, అమ్మ "ఏమైందే" అని కేకేసింది. భంతేజీ బాబాయి చేతినీ, దొర్లుతున్న పళ్ళాన్నీ, నా మొహాన్నీ వరసగా చూశారు. వినకూడదనే నియమాన్ని కాపాడానని ఒక్క క్షణం గర్వపడ్డాను. అనుమానం సంగతి మాత్రం నాకే అనుమానంగా ఉంది.

వంటింట్లో అసలు గొడవ మొదలైంది. పులుసు పెట్టడానికి వీల్లేదని మెల్లిగా చెప్పాను. ఇంకేమైనా ఉందా అంటే, వంకాయ, ఎండు నెత్తళ్ళ కూర ఉందని అమ్మ అంది. నిన్నటిది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ ఎండుచేపలు చచ్చి నెలలైంది. అవి పోయిన నాటికి భంతేజీ అండమాన్ వస్తారని వాటికీ తెలియదు, మాకూ తెలియదు. ఇంతకంటే నిర్దోషమైన కూర ఉండదు. మామ్మకి మాత్రం ఈ ధర్మం అస్సలు మింగుడుపడలేదు. "తాజా చేప పాపం, నిన్నటి కూర పుణ్యమా? ఇంటికొచ్చిన పెద్దమనిషికి చద్దికూర పెడితే ఆయన ఊరుకుంటాడేమో గాని నాను ఊరుకోను" అంది. ఆయనకి షుగరు ఉందనీ, ఇప్పుడు తినకపోతే రేపటిదాకా పస్తేననీ, పడిపోతే నా ఉద్యోగం పోతుందనీ ఏడుపు గొంతుతో చెప్పాను. మామ్మ నా వంక ఒకసారి చూసి, మళ్ళీ పులుసు వైపు తిరిగి గరిటె తిప్పింది. పోనీ, గడియారంలో పన్నెండుకి ఇంకా గంట ఉంది, నచ్చజెప్పొచ్చులే అనుకుని, భంతేజీని పలకరించడానికి బయటికొచ్చాను.

ఆయన కుర్చీలోంచి లేచి పెరటి దారిలో నిలబడి, పోకచెట్టు నీడ చూస్తున్నారు. "టైం బహుత్ హై, భంతేజీ" అని నా చేతి గడియారం చూపించాను. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపారు. నియమం గడియారానిది కాదట, సూర్యుడిదట. సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకానే భోజనం. త్రిపురలోనూ ఇంతే, గడియారం పన్నెండు కొట్టకముందే పొద్దు తిరిగిపోతుందని నెమ్మదిగా చెప్పారు. పుట్టినప్పటి నుంచి ఈ దీవుల్లో ఉన్నాను. సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుందనీ, మన సూర్యుడు ఢిల్లీ గడియారం మాట వినడనీ స్కూల్లో పాఠం చెప్పారు, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. పొద్దు తొందరగా కుంకే చోట మధ్యాహ్నం కూడా తొందరగానే వస్తుందని మాత్రం ఒక్కరోజూ తట్టలేదు. చెట్టు మొదట్లో నీడ జానెడు కూడా లేదు.

ఆ తర్వాత ఏం చేశానో నాకే సరిగా గుర్తులేదు. భంతేజీని కూర్చోబెట్టాను. అన్నం, నెత్తళ్ళ కూర ఉన్న పళ్ళెం రెండు చేతులతో అందించాను. ఆయన అందుకున్నారు. ఒక్క ముద్ద లోపలికి వెళ్తే చాలు దేవుడా అని నేను మొక్కుకుంటుండగా, మామ్మ పులుసు గిన్నె పట్టుకుని గుమ్మం దాటి వచ్చేసింది. పెద్ద పెద్ద ముక్కలు, పైన కొత్తిమీర. భంతేజీ చేయి ఆగింది. గిన్నె వైపు చూశారు. గుమ్మంలో నిలబడ్డ బాబాయి చేతి వైపు చూశారు. నీడ వైపు మాత్రం చూడలేదు, నేను చూశాను. ఆయన చాలా మర్యాదగా మామ్మని అడిగారు. "అమ్మా, ఏ మఛ్లీ కిస్‌కే లియే?"

ఎవరి కోసం? నేను అబద్ధం వెతుక్కోవడం మొదలుపెట్టాను. మామ్మకి అబద్ధం రాదు, ఇది వీధంతటికీ తెలుసు. అయిపోయింది అనుకున్నాను. పస్తు, కళ్ళు తిరగడం, దాదా ఏడుపు, కంప్లైంట్ సార్ మొహం, అన్నీ వరసగా కనిపించాయి.

"ఆప్ కే లియే నహీ, బాబా" అంది మామ్మ, తన దీవి హిందీలో, ఏ తడబాటూ లేకుండా. "హమారా పోతీ కే వాస్తే. ఆప్ ఖుష్, తో ఇస్‌కా నౌకరీ పక్కా. అందుకే తెచ్చినాను. మీరెవరో నాకేటి తెలుసు?"

మీ కోసం కాదు, మా మనవరాలి కోసం; మీరు సంతోషిస్తే దీని ఉద్యోగం ఖాయం అని. చివరి ముక్క తెలుగులో వచ్చింది గానీ ఆయనకి అర్థం కాకపోవడానికేం లేదు. భంతేజీ భుజాలు కదిలేలా నవ్వారు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, నా వైపు వేలు చూపించి, "తో ఇస్‌కో ఖిలావో" అన్నారు. ఎవరి కోసం వచ్చిన చేప వాళ్ళకే పెట్టమని. నాకు ఆకలి లేదన్నాను. మామ్మ వినలేదు. ఆయన పక్కనే పీట వేసి, పెద్ద ముక్క నా పళ్ళెంలో వేసింది. ఆయన నిన్నటి కూరతో, నేను తాజా పులుసుతో, పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఆయన నెమ్మదిగా, ఒక్క మెతుకు వదలకుండా తిని, నీడ పూర్తిగా చెట్టు మొదట్లోకి జారకముందే చేయి కడుక్కున్నారు. సాయంత్రం దాదా లేచి కూర్చుని నాకు నమస్కారం పెట్టాడు. ఆ నెలాఖరుకి కంప్లైంట్ సార్ ఉద్యోగం ఖాయం చేశాడు, "ఆగే భీ కంప్లైంట్ నహీ ఆనా చాహియే" అంటూనే.

మామ్మ సమయానికి భలే తప్పించుకుందని చాలా ఏళ్ళు ఈ కథ నవ్వుతూ చెప్పాను. అది తప్పించుకోవడం కాదని, ఉన్నమాటేనని మామ్మ పోయాక గానీ నాకు తెలియలేదు. చేపని కోసింది స్వామి కోసమే అయినా, నా ఏడుపు గొంతు విన్నాక ఆ పులుసులో ఉప్పు చూసుకుని ఉంటుంది, నా కోసమే. మరి నేనో? భంతేజీ పళ్ళెం మీద ఒక కన్ను, పోకచెట్టు నీడ మీద ఒక కన్ను పెట్టి తిన్నాను. ఆ రోజు పులుసు పుల్లగా ఉందో, కమ్మగా ఉందో ఇప్పుడు ఎవరడిగినా చెప్పలేను. ఒక్కోసారి అప్పటి నేనైన ఆ పిల్ల పక్కన పీట వేసుకుని కూర్చుని, ఏమీ కాదే, నీ పళ్ళెంలోకి చూసుకుని తిను అని చెప్పాలనిపిస్తుంది. చెబితే మాత్రం వింటుందా? ముద్ద నోట్లో పెట్టుకుని, "టైం ఎంతయింది మేడమ్?" అని నన్నే అడుగుతుంది.