సంగటికి జర్మన్‌లో సరే

దొరబాబుకి తిండి దగ్గర మాత్రం తెలుగు రాదు. మిగతా ఊసులన్నీ మాటకో 'ఆయ్' తగిలించి శుభ్రంగా కోనసీమ యాసలో మాట్లాడే మనిషి, గదిలో తోడుండే గంగులయ్య "ఈ పొద్దు సంగటి చేసేదా?" అనగానే జర్మనీవాడైపోతాడు.

కువైట్‌లోని ఫింటాస్‌లో ఒక జర్మన్ దొరసాని ఇంట్లో వంటవాడు లెండి. ఒకరోజు "పాస్ట్!" అంటాడు, సరిపోయిందని. మర్నాడు "క్లార్!", అదీ ఒక అడగడమేనా అని. ఆ మర్నాడు "ఫోన్ మియర్ ఔస్!", నాకేం అభ్యంతరం లేదని. అని, ముద్దకో సీసాడు నీళ్లు తాగుతాడు. కాలవల దేశంవాడు కదా, దాహం జాస్తి కాబోలు అనుకునేవాడు డ్రైవర్ పని చేసే రాయచోటి గంగులయ్య.

గంగులయ్యకి సంగటి చేయడం నేర్పింది భార్య సంజీవమ్మ, అదీ ఫోన్‌లోనే. పొయ్యి పక్కన ఫోను నిలబెడితే, అందులోంచి "ఎసరు చాల్దు, ఇంగొంచెం పోయ్యి" అని గదమాయించేది. రెండు నెలల కింద ఆమె గుండె ఆగిపోయింది. కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కాగితాలు తెమలక గంగులయ్య ఊరికి పోలేకపోయాడు. పాడె లేవడం కూడా ఆ ఫోన్‌లోనే చూశాడు, పాపం. నాలుగు రోజులు ముద్ద ముట్టలేదు. అయిదోనాడు ఆమె చెప్పిన కొలతతోనే సంగటి చేసి, దాని ముందు కూలబడ్డాడు.

"ఒక్కణ్ణే ఎట్ల తినేది దొరబాబూ?"

"గెర్నె!" అంటూ కంచం పట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు దొరబాబు.

ఏడుస్తున్నవాడల్లా ఆగాడు గంగులయ్య. "తిట్టినావా?"

"అయ్యో, ఇష్టంగా తింటాననండీ! జర్మన్ మాట!"

ఆ రోజు మొదలు ఇద్దరూ రోజూ సంగటే.

ఒక శుక్రవారం దొరబాబు ఫోను మర్చిపోయి పనిలోకి వెళ్లాడు. ఇద్దామని గంగులయ్య ఆ ఇంటికి వెళితే, పనిమనిషి సూర్యావతి తలుపు తీసింది. దొరబాబు చేపల మార్కెట్‌కి వెళ్లాడట.

"రూములో సంగటి బాగా తింటాడులేమ్మా, ఈడేం తింటాడు?" అని ఊరికే అడిగాడు గంగులయ్య.

"సంగటా! బాబోయ్, తిండి దగ్గర ఆయనంత పేచీకోరు కువైట్‌లోనే లేడండి. గొంతు దిగట్లేదని పొద్దున్నే ఇక్కడికొచ్చి గిన్నెడన్నం తింటాడు. గదిలో పెళ్లాం పోయిన ఆయనెవరో ఉన్నాడంట. ఎదురుగా ఎవరన్నా తింటేగానీ ముద్ద ముట్టడంట. తెలుగులో బాగుందంటే నా మొహం పట్టించేస్తాదే అని, రోజుకో జర్మన్ మాట మామాని, అదే మా దొరసానిని, అడిగి రాసుకుంటాడు. ఇంతకీ మీరెవరండీ?"

"డ్రైవర్ని," అన్నాడు గంగులయ్య. ఫోను ఆమె చేతిలో పెట్టి, కారెక్కి, తాళం తిప్పకుండా చాలాసేపు ఏడ్చాడు. సంజీవమ్మ పోయాక తనని కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేరనే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

ఆ సాయంత్రం పొయ్యి మీద సంగటి పక్కన అన్నం ఉడికింది, చేపల పులుసు కాగింది.

"అన్నం తింటావా?"

దొరబాబు నోరు తెరిచాడు. జర్మన్ ముక్క ఒక్కటీ అందలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఆయ్!" అన్నాడు. అంతలోనే కంగారుపడ్డాడు. "మరి సంగటి మీరొక్కరే ఎలా తింటారండీ?"

"ఎదురుగా నువ్వుండావు గదా." గంగులయ్య ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "పాస్ట్!"

దొరబాబు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నీళ్ల సీసా ఆ పూట మూతైనా తియ్యలేదు.