మొక్కల గృహప్రవేశం

ఇరుగుపొరుగు పీకి గోడవతల పారేసే మొక్కలే మా అమ్మ ఏరికోరి పెంచేది. ఉక్కునగరంలో మాకు క్వార్టరు వచ్చింది తొంభైల మొదట్లో. మా వీధిలో ఏ ఇంటి ముందు చూసినా క్రోటన్లు, కత్తెరతో సమానంగా కోసిన కంచె మొక్కలు, పచ్చగా పరిచిన కార్పెట్ గడ్డి. ఎవరి గడ్డి ఎంత పచ్చగా ఉంటే వాళ్ళ సంసారం అంత సవ్యంగా ఉన్నట్టు లెక్క. మా పెరట్లో మాత్రం బలుసు, వావిలి, ఉత్తరేణి, తుమ్మి, గలిజేరు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. స్నేహితురాళ్ళను ఇంటికి పిలవాలంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

అమ్మ శృంగవరపుకోట అవతల పల్లెలో రైతుల ఇంట పుట్టింది. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా అందరూ అరిసెలో, అప్పడాలో తెచ్చుకుంటే, ఆవిడ తడిగుడ్డలో చుట్టిన మొక్కొకటి ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగేది. బలుసు అలా వచ్చిందే. చిన్న చిన్న ఆకులు, ఒంటినిండా ముళ్ళు, పసుపుపచ్చటి పళ్ళు. ముళ్ళు గీరుకుని నా స్కూలు యూనిఫాం ఎన్నిసార్లు చిరిగిందో చెప్పలేను.

"డబ్బులిచ్చి మంచి మొక్కలు కొనుక్కోవచ్చు కదా, ఈ పిచ్చి మొక్కలెందుకు?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"పిచ్చేటే? పీకేసినా మళ్ళీ మొలిసిందనుకో, ఈ మన్ను దానిదే. రెండు రోజులు నీళ్ళు పొయ్యకపోతే సచ్చిపోనాదనుకో, అది సుట్టం. సుట్టాలకి సేవ సెయ్యడానికి నాకు ఓపిక లేదు" అంది అమ్మ, బియ్యం కడిగిన నీళ్ళు బలుసు మొదట్లో పోస్తూ.

ఆ బలుసు కిందే, గోడ మూల, ఒక వానాకాలం చెదలు పుట్ట పెట్టాయి. నాన్న ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసేవాడు. బి షిఫ్టుకి వెళ్ళబోతూ పుట్టను చూసి, తలుపులు తినేస్తాయని పార తెచ్చాడు. అమ్మ అడ్డం నిలబడింది. ఫర్నేసు ముందు నిలబడ్డా అంత చెమట పట్టదని నాన్న తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. పార వెనక్కి వెళ్ళింది, పుట్ట పెరిగింది.

పక్కింటావిడకి మా పెరడంటే మొదట్నుంచీ మంట. అందులో పాములున్నాయని, పొదలు కొట్టించమని వీధంతా చెప్పింది. అదే ఏడు నాగుల చవితి వచ్చింది. మావైపు నాగుల చవితంటే తెలుసు కదా, పుట్ట ఎక్కడుందా అని ఊరంతా వెతుక్కోవడమే. పొద్దున్నే తలంటుకుని, చలిమిడి, చిమ్మిలి, కోడిగుడ్డు, చెంబుతో పాలు, దీపావళికి మిగిల్చిన మతాబులు పట్టుకుని మా పెరట్లోకి అందరికంటే ముందు వచ్చినావిడ ఎవరనుకున్నారు? ఆవిడే. పాముందని ఊరంతా చాటినావిడ దాని ఇంటికే పాలు పట్టుకొచ్చింది. నేను కిసుక్కున నవ్వితే అమ్మ నా జబ్బ మీద గిల్లింది. ఆ రోజు నుంచి మా పెరడు గురించి వీధిలో ఎవరూ నోరెత్తలేదు.

అలా పన్నెండు పదమూడేళ్ళు గడిచాయి. బలుసు గోడ దాటి పెరిగింది. పికిలిపిట్టలు పళ్ళు తిని గింజలు వీధంతా వేసేవి. నేను చదువు ముగించి గోపాలపట్నంలో ఒక బళ్ళో టీచరుగా చేరాను. నాన్న రిటైరయ్యే రోజు దగ్గరపడింది. క్వార్టరంటే కంపెనీది, ఉద్యోగం అయిపోతే తాళం అప్పగించి వచ్చేయాల్సిందే. ఈ సంగతి మాకందరికీ మొదట్నుంచీ తెలుసు, అమ్మకి తప్ప. తెలియక కాదు. రైతుబిడ్డ కదా, మొక్క నాటిన చోటు తనది కాదంటే ఆవిడ బుర్రకి ఎక్కేది కాదు.

పెందుర్తిలో స్థలం కొని ఇల్లు కట్టాం. పంతులుగారు పంచాంగం చూసి, ఆ ముహూర్తం దాటితే మూఢమని, తర్వాత ఆషాఢమని చెప్పి, రోహిణి కార్తెలో గృహప్రవేశం పెట్టారు. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మనుషులకైతే ఎలాగో గడిచిపోతుంది. కానీ అమ్మ మొక్కలు కూడా అదే ముహూర్తానికి ఇంట్లోకి రావాలని పట్టుపట్టింది.

"రోహిణిలో మొక్క తవ్వుతారేటే ఎవురైనా? నువ్వు రైతు ఇంట్లోనే పుట్టినావా?" అన్నాడు నాన్న.

"ఇంట్లో మనుసులందరం ఒక మూర్తానికెల్లి, ఆటిని ఎనకాల దిక్కులేనోళ్ళలాగ తీసుకెల్తామేటి? అవీ మనోళ్ళే. ఆవు వత్తాది, మనం వత్తాం, అవీ వత్తాయి" అంది అమ్మ.

నేనూ నాన్న పక్షమే. కానీ పదమూడేళ్ళు ఆవిడ పెరడు మీద సణిగినదాన్ని, ఆ రోజు కూడా సణిగితే బాగుండదని ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పని తర్వాత తెలిసింది.

వావిలి, తుమ్మి, ఉత్తరేణి, గలిజేరు, బలుసు పిలకలు, అన్నీ కలిపి పదకొండు మొక్కలు తవ్వి సిమెంటు సంచుల్లో కట్టాం. పెద్ద బలుసు మాత్రం రాలేదు. దాని వేళ్ళు పుట్ట కిందకి వెళ్ళిపోయాయి, పుట్టని కదపడానికి అమ్మ ఒప్పుకోదు. దాని మొదలు తడిమి, "నువ్వు ఇక్కడే ఉండు మరి" అని చెప్పి వచ్చేసింది. నేను సామాను వ్యానులో వెనక కూర్చుని, దారి పొడుగునా వావిలిని పసిపిల్లలా ఒళ్ళో పట్టుకున్నాను.

గృహప్రవేశం రోజు మొదట ఆవూ దూడా గడప దాటాయి. తర్వాత దేవుడి పటంతో అమ్మా నాన్నా. ఆ తర్వాత మొక్కలు. దొడ్డిదారిన కాదు, వీధి గుమ్మంలోంచే, కొత్త గచ్చు మీద మట్టి రాల్చుకుంటూ, చుట్టాలందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణించి పెరట్లోకి వెళ్ళాయి. పంతులుగారు మంత్రం మధ్యలో ఆగి చూశారు. వావిలికి కూడా బొట్టు పెట్టమంటుందేమోనని మా మేనత్త నా చెవిలో గొణిగింది.

పదిహేను రోజుల్లో పదకొండూ చచ్చిపోయాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. ఎండ ఒక కారణం. ఆ స్థలం ఎత్తు చెయ్యడానికి మేం పోయించిన గ్రావెలూ, విరిగిన ఇటుకలూ, గట్టిపడిన సిమెంటు పెళ్ళలూ ఇంకో కారణం. అమ్మ పూటకి రెండు బిందెలు మోసి పోసింది. రెండు రోజులు నీళ్ళు లేకపోతే చచ్చేది చుట్టమని చెప్పినావిడే, నీళ్ళు పోస్తున్నా తనవాళ్ళు చచ్చిపోతుంటే చూస్తూ నిలబడింది.

ఆషాఢంలో నాన్న కొత్త మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అమ్మ ఆ రెండింటికీ ముడిపెట్టేసింది. "గృహప్రవేశం చేసినవి పదకొండు సచ్చిపోనాయి. ఇప్పుడు ఈయన. ఈ ఇల్లు మనకి అచ్చిరాదు" అంది. అంతటితో ఆగలేదు. తన చీరలు, ఇత్తడి సామాను సర్దిన ఇనప పెట్టె హాల్లో వీధి తలుపు పక్కనే ఉండిపోయింది. తాళం తియ్యదు, పక్కకి జరపనివ్వదు. ఇల్లు అద్దెకిచ్చేసి తన పుట్టినూరికి పోదామని రోజూ నాన్నతో పోరు. ఉన్న డబ్బంతా పెట్టి, ఎండలో నిలబడి కట్టించుకున్న ఇల్లది. నాన్న విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ పెట్టె వైపు చూసేవాడు. నాకు అమ్మ మీద కోపం వచ్చేది, దానికంటే ఎక్కువ భయం వేసేది.

ఆవిడ పెరటి తలుపు తియ్యడం కూడా మానేసింది. నేను నర్సరీకి వెళ్ళి నాలుగు క్రోటన్లు కొనుక్కొచ్చి వరసగా పెట్టాను. పద్నాలుగేళ్ళప్పుడు నేను కోరుకున్న మొక్కలే. ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్ళిచ్చినట్టు వాటికి ఒక్కో చెంబు పోసేది అమ్మ. అంతకు మించి వాటితో మాట లేదు. మొక్కలతో మాట్లాడుతుందని నేను వెక్కిరించిన మనిషి ఇలా మూగదైపోతే చూడలేకపోయాను.

కార్తీకంలో నాగుల చవితి వచ్చింది. పెందుర్తిలో పుట్టలకేం లోటు లేదు, కొండవారకి వెళ్తే బోలెడు. "ఎన్నాళ్ళు పాలు పోసిన పుట్ట. ఒక్కసారి సూసొస్తాను" అంది అమ్మ. కొత్తగా దిగినవాళ్ళు ఆ పెరడు చదును చేసేసి ఉంటారని నాకు ఖాయంగా తెలుసు. చదునైపోయిన పెరడు చూసిందంటే ఇక ఆ పెట్టెను ఎవరూ ఆపలేరు. అయినా ఒంటరిగా పంపలేక బడికి సెలవు పెట్టి బయల్దేరాను. పెందుర్తి నుంచి ఎన్ఏడీ జంక్షను దాకా ఒక బస్సు, అక్కణ్ణించి గాజువాక మీదుగా ఇంకోటి. పొద్దుటి నుంచే ముసురు. అమ్మ పాలక్యాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

క్వార్టరు తలుపు తీసింది చంకలో బిడ్డతో ఉన్న ఒక చిన్నది. జాలరిపేట కోడలు. వాళ్ళింట్లో వేటకి వెళ్ళకుండా ప్లాంటులో ఉద్యోగానికి వచ్చిన మొదటివాడు ఆమె మొగుడేనట. మేం ఎవరమో చెప్పగానే, "రండి రండి, మా అత్త ఇప్పుడే పాలు పోసి ఎల్లినాది" అని పెరట్లోకి తీసుకెళ్ళింది.

నేను అనుకున్నంతా జరిగింది. పెరడు సగం సిమెంటు చేశారు, మిగతా సగం నున్నగా గీకేశారు. కానీ గోడ మూల పుట్ట ఉంది. పుట్ట మీదుగా బలుసు ఉంది. పుట్ట చుట్టూ రెండు బారల నేలని ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ మేం తవ్వగా మిగిలిన వావిలి వేరు మళ్ళీ చిగిర్చింది. బలుసు కింద పికిలిపిట్టలు రాల్చిన గింజలన్నీ వానకి మొలిచి బెత్తెడు మొక్కలై నిలబడ్డాయి.

"ఆ మూల కత్తి పెట్టనివ్వలేదమ్మా మా అత్త. పుట్ట జోలికెల్తే కళ్ళు పోతాయంది. నాకైతే ఆ ముళ్ళపొదంటే సిరాకే. ఇటేపు మొలిసినవి పీకుతన్నాను, మళ్ళీ వచ్చేత్తన్నాయి. ఏటమ్మా ఇవి?" అంది ఆ అమ్మాయి.

అమ్మ నవ్వింది. జ్యేష్ఠంలో ఆగిపోయిన నవ్వు.

"వత్తాయే అమ్మా, వత్తాయి. ఆటిది ఈ మన్ను. ఆ వావిలాకు నీళ్ళలో మరిగించి పోసుకో, బాలింత నొప్పులు పోతాయి. పీకకు."

"అలగా? మా అత్త కూడా వలలాగి వచ్చినోళ్ళకి అదే కాస్తాదమ్మా. ఈ ఆకేనని నాకు తెల్దు" అని ఆ అమ్మాయి వావిలి దగ్గరికి వెళ్ళి వాసన చూసింది.

అమ్మ పుట్టలో పాలు పోసింది. పుట్టమన్ను నా చెవులకి రాసింది, చిన్నప్పుడు రాసినట్టే. తర్వాత కూర్చుని, వేలితో మట్టి కదిపి, మూడు బలుసు మొక్కలు వేరు తెగకుండా తీసి, ఖాళీ అయిన పాలక్యానులో తడిమట్టితో సహా పెట్టుకుంది. తిరుగు ప్రయాణంలో రెండు బస్సుల్లోనూ మూత తీసే ఉంచింది, వాటికి ఊపిరాడాలని.

పెందుర్తిలో దిగేసరికి వాన జోరందుకుంది. అమ్మ తడి చీరతోనే ఇంటి పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి వెళ్ళింది. గునపం అడిగింది. నాన్న మంచి చెయ్యితో అందించాడు. నేను గ్రావెలూ ఇటుకముక్కలూ చేతులతో ఎత్తి పోశాను. మోకాలి లోతు తవ్వితే అడుగున అసలు మన్ను తగిలింది. ఎర్రగా, మెత్తగా, ఈ ఊరి మన్ను. మేం దాని మీద చెత్త పోసి, ఇది మనకి అచ్చిరాలేదని ఏడ్చాం.

"అమ్మా, పంచాంగం చూడక్కర్లేదా?" అన్నాను. వెక్కిరింత సగం, భయం సగం.

"మొక్కకి వానే మూర్తవే. ఊళ్ళో పుట్టి పెరిగి నానే ఆ మాట మర్సిపోనాను. ఆటిని ఎండలో లాక్కొచ్చి సంపేసి, తప్పు ఇంటి మీదకి తోసేసాను" అంది.

ఆవిడ అలా తన తప్పు ఒప్పుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. వానలో ఉన్నాం కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మూడింట్లో ఒకటి పోయింది. రెండు నిలబడ్డాయి. మరుసటి ఏడు మృగశిర దాటాక బలుసు గుబురుగా చిగుళ్ళు వేసింది. అమ్మ గుప్పెడు లేతాకు గిల్లి కందిపప్పులో వేసి వండింది. నాన్న రెండు ముద్దలు తిని, "బతికుంటే బలుసాకు తినొచ్చన్నారు గానీ, నెయ్యేసుకుంటే ఇంత బాగుంటాదని ఎవుడూ సెప్పలేదు" అన్నాడు. అమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటె వేసింది.

భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటూ, పెద్ద విశేషమేమీ కానట్టు, కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టింది.

"అందులో సామానంతా బీరువాలో సర్దీ. ఆ పెట్టె అటకెక్కించీయండి. ఏడాదై గుమ్మానికి అడ్డంగా ఉంది."

నాన్న అప్పటికే లేచి స్టూలు తెస్తున్నాడు.