మా వీధి మధ్యలో గీత

నాకు మ్యాపులు చదవడం రాదు. చిన్నప్పుడు సోషల్ పరీక్షలో గోదావరిని తీసుకెళ్లి అరేబియా సముద్రంలో కలిపిన ఘనురాలిని. అందుకే, అమెరికాలో మోరిస్‌విల్ పక్కన మేము రెండేళ్ల కిందట ఇల్లు కొనుక్కున్న కాలనీని, ఏ ఇంటి పిల్లలు ఏ బడికో నిర్ణయించే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు రెండు రంగుల్లో ముద్రించి పోస్టులో పంపినప్పుడు, ఏ పిజ్జా కొట్టు కాగితమో అనుకుని ఫ్రిజ్ మీద పడేశాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మంచినీళ్ల కోసం వెళ్లిన మా ఆయన దాన్ని చూసి అక్కడే నిలబడిపోయారు.

"ఇదేంటే, మన వీధి మధ్యలోంచి గీత గీశారు?"

"గీస్తే గీశారు. కాళ్లు కడుక్కుని రండి, చపాతీలు చల్లారిపోతున్నాయి."

"చల్లారనీ. అమ్మాయి స్కూల్ మారిపోతోంది."

అప్పుడు చేతిలోంచి లాక్కుని చూశాను. మా వీధి ఉత్తర దక్షిణాలుగా పోతుంది. పడమటి వరుస ఇళ్లన్నీ ఆకుపచ్చ, తూర్పు వరుస ఇళ్లన్నీ పసుపు. పసుపు ఇళ్ల పిల్లలు ఇప్పుడున్న బడిలోనే ఉంటారు. ఆకుపచ్చ ఇళ్ల పిల్లలు వచ్చే ఏడు నుంచి, కొత్తగా కడుతున్న బడికి పోవాలి. మా ఇల్లు ఆకుపచ్చ. ఎదురిల్లు పసుపు.

వేరే ఏ ఇల్లయినా ఏ రంగులో ఉంటే నాకేం? ఎదురిల్లు పసుపు కావడంతోనే నా గుండెల్లో రాయి పడింది.

మా అమ్మాయి అప్పుడు రెండో తరగతి. ఇంట్లో దాని నోటికి తాళం ఉండేది కాదు. పొద్దున లేచింది మొదలు ఉడతలకు పేర్లు పెట్టడం, నా వంటకు వంకలు పెట్టడం, ఫోన్లో అమ్మమ్మతో తగాదా పడటం. బడి గేటు దాటిందా, అంతే. పెదవి విప్పేది కాదు. బయటివాళ్లెవరు పలకరించినా జవాబుండేది కాదు. టీచర్లు అడిగారు, కౌన్సిలర్ అడిగింది, డాక్టర్ చెవులు చూశాడు, గొంతు చూశాడు, అన్నీ బాగున్నాయన్నాడు. దీనికి ఒక పొడుగాటి పేరు కూడా చెప్పారు. పేరు తెలిస్తే నోరు వస్తుందా?

నోరు తెచ్చింది ఎదురింటి పిల్ల. అమెరికన్ పిల్ల, మొహం నిండా మచ్చలు, ఎప్పుడూ ఒక బూటు లేసు ఊడి ఉండేది. ఎలా కుదిరిందో తెలియదు, ఇద్దరూ మా గరాజ్‌లో గంటలు గంటలు గుసగుసలాడుకునేవాళ్లు. బడిలో టీచర్ ఏదైనా అడిగితే మా అమ్మాయి ఆ పిల్ల చెవిలో చెప్పేది, ఆ పిల్ల లేచి పైకి చెప్పేది. టీచర్ ఎంత మంచిదంటే, ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టింది. చలికాలం సెలవులయ్యాక ఒకరోజు ఫోన్ చేసి, "చెవిలో చెప్పే మాట ఇప్పుడు నాక్కూడా కొంచెం వినబడుతోంది" అంది. ఆ రోజు నేను పాయసం వండాను. ఇప్పుడు ఆ చెవిని పసుపు రంగులో ఉంచి ఈ నోటిని ఆకుపచ్చలో పెడితే నేనేమైపోవాలి?

"అసలెందుకండీ ఇదంతా?" అని అడిగితే మా ఆయన ఒక శనివారమంతా కూర్చోబెట్టి చెప్పారు. బడి వెనకాల వరసగా పెట్టెల్లాంటి గదులు ఉంటాయే, ట్రైలర్లు, నేను వాటిలో పాత కుర్చీలు దాస్తారనుకున్నాను. కాదట. జనం పెరిగిపోయి నాలుగో తరగతి, ఐదో తరగతి వాటిలోనే నడుస్తున్నాయట. అందుకని బాండ్ అని ఒకటి పెట్టి, జనం చేత వోటు వేయించి, అప్పు తెచ్చి కొత్త బడి కడుతున్నారట. పౌరసత్వం రాలేదు కాబట్టి వోటు మాకు లేదు, పన్ను మాత్రం ఉంది. సరే, కట్టిన బడిని నింపాలి. దగ్గరి పిల్లలతో నింపాలి. ఇంతవరకూ నాకూ ఎక్కింది.

"మరి వీధికి ఇటున్న మనం దగ్గరా? అటున్నవాళ్లు దూరమా?"

మా ఆయన తల గోక్కున్నారు. "అదే నాకూ తెలియట్లేదు" అన్నారు.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. మా వీధిలో తెలుగువాళ్లం చాలామందిమి. ఒకరి తర్వాత ఒకరు, "మీది ఏ రంగండీ?" అని. అందరిదీ ఆకుపచ్చే. ఒక్కరంటే ఒక్కరు కూడా పసుపు లేరు. అవతలి వరుసలో ఉన్నదంతా అమెరికన్లు, ఒక కొరియన్ కుటుంబం. ఆదివారం మా ఇంట్లో మీటింగ్. పులిహోర ఒకరు, పెరుగు వడలు ఒకరు తెచ్చారు. ఆవేశం అందరూ తెచ్చారు. మా అందరికీ పెద్దన్నయ్య లాంటి ఆయన ఒకరున్నారు, వరంగల్ ఆయన, పదిమందిలో మాట్లాడటానికి బెదరని మనిషి. మ్యాపు గోడకు అంటించి వేలు పెట్టి చూపించారు.

"సూశిన్రా? ఏరి ఏరి మనోళ్లనే తీసిన్రు. గిది ఊకె జరిగిందా? హియరింగ్‌ల అడగాలె."

మా ఆయన మెల్లగా అన్నారు, "కంప్యూటర్ గీసి ఉంటుంది అన్నయ్యా, దానికి మనం ఎవరమో తెలియదు కదా."

"గా కంప్యూటర్ కొట్టేటోడికి తెలుస్తది గద!"

నాకు ఎటూ పాలుపోలేదు. ఈ దేశంలో ఇలా కావాలని చేస్తారా? చెయ్యరనుకుందామా అంటే మ్యాపు కళ్లెదురుగా ఉంది. చేస్తారనుకుందామా అంటే, ఎదురింటావిడ నిన్ననే మా డస్ట్‌బిన్ తోసుకొచ్చి లోపల పెట్టి వెళ్లింది. ఆ రాత్రి నిద్రపట్టక మా ఆయన్ని మూడుసార్లు లేపి అడిగాను. మూడోసారి ఆయన దుప్పటి ముసుగు పెట్టేశారు.

హియరింగ్ అంటే జనం మాట వినడానికి పెట్టే సభ. ఒక హైస్కూల్ ఆడిటోరియంలో పెట్టారు. వేదిక మీద స్కూల్ బోర్డ్ సభ్యులు, పక్కన మ్యాపు గీసిన ప్లానర్. మాట్లాడేవాళ్లు మైకు దగ్గరికి వెళ్లాలి, ఎర్ర దీపం వెలిగితే ఆపెయ్యాలి. మా కాలనీ నుంచి అందరం వెళ్లాం, పట్టుచీరలు ఒక్కటే తక్కువ. వరంగల్ అన్నయ్యగారు కోటు వేసుకుని, గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా అన్నారు: గీతకు ఇటు మార్చిన ఇళ్లన్నీ భారతీయులవే, అటు ఉంచిన ఇళ్లలో ఒక్కరూ లేరు, ఇది ఎలా జరిగిందో చెప్పాలి అని.

బోర్డ్ పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని మ్యాపు వంక చూసింది. కోపం లేదు, నిజంగా కంగారు పడింది పాపం. "నేనొకటి అడగాలి" అంది. "మీరందరూ ఒకే వరుసలో ఎందుకున్నారు? ఇళ్లు అమ్మినవాళ్లు మిమ్మల్ని అటువైపే కొనమన్నారా? అలా చేస్తే అది చట్టవిరుద్ధం."

అన్నయ్యగారు వెనక్కి తిరిగి మా వంక చూశారు. మేము ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం.

ఓరి దేవుడా! అప్పుడు వెలిగింది నాకు. ఎవరు కొనమన్నారు? మేమే కదా! ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మా ఆయన జేబులో దిక్సూచి. మా ముందు వెళ్లినవాళ్ల జేబులో దిక్సూచి. ఇండియా నుంచి ఫోన్లో మా అత్తగారు, "వాకిలి తూర్పుకుందా? లేకపోతే వద్దనండి." పడమటి వరుస ఇళ్లకే తూర్పు వాకిలి. ఆ వరుసలో ఇల్లు దొరికేదాకా మా వాళ్లు వెయిటింగ్ లిస్టులో కూర్చున్నారు. ఎదురుగా అవే ఇళ్లు తక్కువ ధరకు ఇస్తామన్నా ఒక్కరూ ముట్టలేదు. ఇళ్లమ్మే పిల్లకు మమ్మల్ని చూస్తే చాలు, మేము అడక్కముందే, "ఈస్ట్ ఫేసింగ్ అయిపోయాయండీ" అనేది.

నా నోరు ఊరుకుంటుందా? సీట్లోంచి లేచి, మైకు లేకుండానే అన్నాను. "సన్‌రైజ్, మేడమ్. తలుపు తీస్తే సూర్యుడు కనబడాలి."

"మీకా?"

"అందరికీ."

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది, చివరికి మేమూ నవ్వాం. ఆ ప్లానర్ లేచి, ఇల్లు ఎటు చూస్తుందో తమ లెక్కలో ఉండదని, వీధి మధ్య నుంచి గీత గీయడం తమకు అలవాటని, నిజంగా తనకు తెలియదని చెప్పుకున్నాడు. అన్నయ్యగారు కూర్చుని కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నారు. నేను నవ్వుతూనే ఉన్నాను కానీ లోపల ఏడుపొస్తోంది. నవ్వితే గీత చెరిగిపోతుందా?

అప్పుడు లేచింది ఎదురింటావిడ. ఆవిడ వస్తుందని మాకెవరికీ తెలియదు. నర్సుగా చేసేది, డ్యూటీ నుంచి తిన్నగా ఆ నీలం బట్టల్లోనే వచ్చింది. మైకు దగ్గర వంగి, "నాది పసుపు ఇల్లు, నాకేం నష్టం లేదు" అని మొదలుపెట్టింది. "కానీ అది ఒకే వీధి. ఎదురింటి పిల్ల నా కూతురి ద్వారానే బడిలో మాట్లాడుతుంది. మా వీధిని విడదీయకండి." అంతే చెప్పి, ఎర్ర దీపం వెలగకముందే వెళ్లి కూర్చుంది. సొంత అక్క ఉన్నా నా కోసం అంత చెప్పేది కాదేమో. నేను చున్నీతో కళ్లు తుడుచుకున్నాను. మిగిలిన మా వాళ్లందరూ మైకు దగ్గరికి వెళ్లి అదే మాట అన్నారు. విడదీయకండి, విడదీయకండి.

కొన్ని వారాల తర్వాత కొత్త మ్యాపు వచ్చింది. వాళ్లు మా మాట విన్నారు. మా వీధిని విడదీయలేదు. గీతను తీసుకెళ్లి తూర్పు వరుస ఇళ్ల వెనకాల ఉన్న వాగు మీద పెట్టారు. వీధంతా ఆకుపచ్చే.

అన్నయ్యగారు ఫోన్ చేశారు. "గెలిచినం చెల్లెమ్మా!"

"ఏం గెలిచాం అన్నయ్యగారూ? మన రంగు మారలేదుగా?"

"విడదీయొద్దన్నం. విడదీయలే గద." అని, వెంటనే, "ఏమోనమ్మా, నాకూ సమజైతలేదు" అన్నారు.

నిజమే, గీత ఎటు పెట్టాలో మాలో ఒక్కరమూ చెప్పలేదు. విడదీయవద్దంటే పాత బడిలోనే ఉంచుతారని అందరం అనుకున్నాం, ఎదురింటావిడ కూడా. మా అమ్మాయి మాత్రం ఇల్లంతా గంతులేసింది. కొత్త బడయితేనేం, స్నేహితురాలు తనతో వస్తోంది కదా. దాన్ని చూసి నేనూ సంతోషించాను. సంతోషించాలో లేదో అని ఆలోచిస్తూనే సంతోషించాను.

ఎదురింటావిడ ఆ వారమంతా బయటికి రాలేదు. వచ్చినరోజు మెయిల్‌బాక్స్ దగ్గర కలిసి చెప్పింది. వాళ్లమ్మ ఇల్లు పాత బడి గోడ పక్కనే. బడి వదలగానే పిల్ల నడుచుకుంటూ అమ్మమ్మ దగ్గరికి వెళ్లిపోతుంది, చీకటి పడ్డాక ఈవిడ డ్యూటీ దిగి తెచ్చుకుంటుంది. భర్త లేడు. కొత్త బడి నుంచి వాళ్లమ్మ ఇంటికి నడిచే దూరం కాదు. వాళ్లమ్మ కారు నడపలేదు. తన ఒక్కదానికి మినహాయింపు ఇవ్వమని అడిగిందట, ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలన్నారట. ఇదంతా ఆవిడ నామీద ఏ కోపమూ లేకుండా చెప్పింది. తిట్టినా బాగుండేది. ఇంకో నెలకు ఆవిడ గడ్డిలో 'ఫర్ రెంట్' బోర్డు పాతారు. వాళ్లమ్మ ఇంటికి మారిపోతోంది. అక్కడైతే పిల్లకు పాత బడే.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయనతో అన్నాను, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆవిడ మన కోసం వచ్చి మాట్లాడకపోతే ఆవిడ బడి ఆవిడకి ఉండేది. పాపం, మన వల్లే ఇల్లు వదిలి పోతోంది."

"ష్, పిల్ల వింటుంది" అన్నారాయన. పిల్ల టీవీ చూస్తోంది. వింటున్నట్టు లేదు.

సామాను లారీ వచ్చిన పొద్దున నిమ్మకాయ పులిహోర డబ్బా పట్టుకుని వీధి దాటాను. మా అమ్మాయి నా వెనకాలే చున్నీ పట్టుకుని వచ్చింది. పిల్లలిద్దరూ లారీ మెట్టు మీద కూర్చుని కాసేపు గుసగుసలాడుకున్నారు. నేను డబ్బా ఇచ్చి థాంక్స్ అన్నానో సారీ అన్నానో నాకు గుర్తులేదు, రెండూ కలిపి ఏదో అన్నాను. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుంది. తర్వాత మా అమ్మాయి వైపు వంగి, రెండేళ్లుగా కనబడినప్పుడల్లా అన్నట్టే, "గుడ్ మార్నింగ్, స్వీటీ" అంది. జవాబు వస్తుందని ఆవిడ ఏనాడూ ఎదురుచూసేది కాదు, ఆ రోజూ చూడలేదు.

మా అమ్మాయి ఆవిడ మొహంలోకి చూసి, ఇంగ్లీషులో, గట్టిగా, "మా వల్లేనా మీరు వెళ్లిపోతున్నారు?" అని అడిగింది.

లారీ మనిషి ఎత్తిన పెట్టె దించేశాడు. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, మొహమంతా సంతోషం. మోకాళ్ల మీద కూర్చుని, దాని రెండు చేతులూ పట్టుకుని, "నో, హనీ. మీ వల్ల కాదు" అంది.

"మా అమ్మ అవునంది" అంది నా కూతురు.

బయటివాళ్ల ముందు ఆ నోట ఒక్క మాట రావాలని నేను మొక్కని దేవుడు లేడు. వచ్చిన రెండో మాట అది.