నడిమి పేజీ నుంచి చదివే శంకరమ్మ

కొత్త పత్తి వాసన ముక్కుకు తగిలితే చాలు, నా కుడిచెయ్యి ఊరుకోదు. మొన్న ఎమ్మిగనూరులో కొత్తగా కథలు రాసేవాళ్లంతా కూడుకుని, తమ రాతలు చూసి చెప్పమని నన్ను పిలిచిన చోట అదే జరిగింది. కిటికీ బయట పత్తి ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. మల్లిక అనే అమ్మాయి తన కథ నా చేతిలో పెట్టి, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డట్టు నిలబడింది. నేను కాగితాలను సగానికి తెరిచి చదవడం మొదలుపెట్టాను. "మేడం, మొదుటి పేజీ పైనుంది" అంది పాపం. "ఉండనీమ్మా, అది యాడికీ పోదు" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. అది అచ్చం శంకరమ్మ మాట.

శంకరమ్మ ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ అంగడి నడిపేది. భర్త పోయాక "ఆడమనిషి ఏం నడుపుతుందిలే" అన్న వాళ్లందరి ముందూ దర్జాగా నడిపింది. నేను రోజూ గోనెగండ్ల నుంచి బస్సులో వచ్చి ఆమె దగ్గర కంప్యూటర్ పని చేసేదాన్ని. ఆమెకున్న ఒకే ఒక్క పిచ్చి కథలు. మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక కళ్లద్దాలు పెట్టుకుని వారపత్రిక పట్టుకుంటే, ఎంత పెద్ద సేటు వచ్చినా "కూసోప్పా, ఈ పేజీ అయిపోనీ" అనేది. నేనూ కథలు రాస్తానని తెలిసి "తేపో, సూద్దాం" అంది. మరుసటి రోజే తెచ్చి ఇచ్చాను. ఆమె మొదటి మూడు పేజీల వైపు కన్నెత్తి కూడా చూడకుండా కథను మధ్యలో తెరిచింది.

నాకు ఒళ్లు మండింది. "అక్కా, మొదుట్నుంచి సదవరా?" అన్నాను. శంకరమ్మ అంగడి ముందున్న పత్తి కుప్ప వైపు చూపించింది. కొనడానికి వచ్చిన ఒకాయన పైనున్న తెల్లటి పత్తిని పట్టించుకోకుండా, మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చి గుప్పెడు బయటికి లాగుతున్నాడు. "పైన మంచి పత్తి ఎవురైనా పెడతారు పిల్లా. నడిమిట్ల ఏముందో సూసినాకనే ధర సెప్పేది. నీ మొదుటి పేజీ యాడికీ పోదులే" అంది. ఆ రోజే పంతం పట్టాను. ఎప్పటికైనా సరే, ఈమె చేత నా రాతను మొదటి పేజీ నుంచి చదివించాలి.

ఆ కథ సుగ్గికి పోయే తల్లి గురించి. మా వైపు వానలు మొహం చాటేస్తే, జనం పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోతారు. దాన్నే సుగ్గి అంటాం. మా అమ్మ అలా పోయిన మనిషే. మొదటి మూడు పేజీలూ సూర్యోదయం, కొండలు, మబ్బులు. ఎంత ముద్దుగా చెక్కుకున్నానో ఆ వాక్యాలను! శంకరమ్మ నాలుగో పేజీలో ఒకచోట వేలు పెట్టి ఆగింది. లారీ ఎక్కబోతున్న తల్లి, కూతురి జడ విప్పి మళ్లీ గట్టిగా బిగించి అల్లుతుంది, తను వచ్చేదాకా ఊడకూడదని. "నీ కత ఈడ మొదులైతాది. పైన ఉండేదంతా తీసి పారెయ్" అంది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంటికి పోయి ఆ మూడు పేజీలూ పక్కన పెట్టి చదివి చూసుకున్నాను. కథకు ప్రాణం లేచొచ్చినట్టుంది.

అంతటితో వదిలితే ఆమె శంకరమ్మ ఎందుకవుతుంది! తిరగరాసి తీసుకుపోతే మళ్లీ మధ్యలోనే తెరిచి, తల్లి మాటల దగ్గర మొహం చిట్లించింది.

"'నువ్వు జాగ్రత్తగా ఉండు, నేను త్వరలోనే తిరిగి వస్తాను.' మీయమ్మ ఇట్ల మాట్లాడిందా?"

"లేదక్కా. పత్రికలో అచ్చు కావల్ల గదా, అందుకని..."

"సుగ్గికి పోయింది మీయమ్మనా, టీవీలో వార్తలు సదివే ఆయమ్మనా?"

అక్కడున్న రైతులు పకపకా నవ్వేశారు. నా మొహం మాడిపోయింది. "ఇంటికి పోయేటప్పుడు సెల్లు సంచిలో పెట్టి, యెనక సీట్లో కూలికి పోయొచ్చే ఆడోళ్ల నడుమ కూసో. వాళ్లు మాట్లాడేది ఇను. యాడ మాట నిలిపేస్తారో అదీ ఇను" అంది, ఈసారి మెత్తగా. ఆ బస్సులో నేర్చుకున్నంత నేనెక్కడా నేర్చుకోలేదు. తల్లి మాటలన్నీ కొట్టేసి ఒక్కటే ఉంచాను: "జడ ఇప్పుకోవద్దు పాపా. నేనొచ్చి ఇప్పుతా."

కథ వారపత్రికలో అచ్చయింది. "మా పిల్ల రాసింది" అంటూ హమాలీలకు, సేట్లకు, ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోతూ వచ్చిన చుట్టాలకు కూడా శంకరమ్మ చూపించింది. నా కాళ్లు నేల మీద ఆనలేదు. అయినా ఆ తర్వాత ఏ కథ ఇచ్చినా అదే వరస. మధ్యలో తెరవడం, తప్పు పట్టుకోవడం, తిరిగి నా చేతిలో పెట్టడం. నా పంతం అలాగే ఉండిపోయింది.

నా మొదటి పుస్తకం వచ్చేసరికి ఆమె మంచం పట్టింది. ప్రెస్సు నుంచి నేరుగా ఆమె ఇంటికే తీసుకుపోయాను. సన్నబడిన చేతులతో పుస్తకాన్ని అలవాటుగా మధ్యలో తెరిచింది. ఏ తప్పు చూపిస్తుందోనని కాచుకుని కూర్చున్నాను. ఒక పేజీ చదివింది. ఇంకో పేజీ తిప్పింది. ఎక్కడా వేలు పెట్టి ఆగలేదు. తర్వాత పుస్తకం మూసి, అట్ట తెరిచి, మొదటి పేజీ తీసింది. నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు పోయి టీ తాగి రాపో పిల్లా. నేను సదువుకుంటాండాను."

వాళ్ల వంటింట్లో నిలబడి సంతోషంతో వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత బహుమతులూ వచ్చాయి, శాలువాలూ కప్పారు. ఆ రోజంత గొప్పగా మాత్రం నాకెప్పుడూ అనిపించలేదు. ఆ చలికాలం దాటకుండానే ఆమె పోయింది.

మల్లిక కథ మధ్యలో, జొన్నగిరి చేలల్లో తొలివాన తర్వాత వజ్రం దొరుకుతుందేమోనని రాళ్లు వెతికే ముసలాయన ఒకడున్నాడు. చూపు ఆనక ఒక్కో రాయినీ బుగ్గకు ఆనించుకుని చూస్తున్నాడు. నేను ఇంకో పేజీ తిప్పాను. మరొకటి తిప్పాను. "ఏమన్నా తప్పుందా మేడం?" అంది మల్లిక. నేను కాగితాలన్నీ సర్ది మొదటి పేజీకి వచ్చాను.

"నువ్వు పోయి టీ తాగి రాపో పిల్లా" అన్నాను. "నేను సదువుకుంటాండాను."